కలివికోడి కోసం లంకమల అంచున

ఫిబ్రవరి 9, 2023, గురువారం

కడపలో బద్వేలు బస్సెక్కాం. నేను, పక్షుల కూతలు రికార్డు చేసే నా స్నేహితుడు. సంచిలో బైనాక్యులర్లు, ఒక రికార్డరు, కొలబద్ద, మెత్తటి బ్రష్షు, పిండి జల్లెడ. సంచి మూతి తెరుచుకుని జల్లెడ బయటికి కనిపిస్తుంటే కండక్టరు అదెందుకని అడిగాడు. మట్టి జల్లించి పరుస్తామనీ, రాత్రి దాని మీద నడిచిన పిట్టల అడుగులు పొద్దున్నే చూస్తామనీ చెప్పాను.

"కలివికోడికా?" అన్నాడు వెంటనే.

ఈ దారిలో టికెట్లు కొట్టే మనిషికి ఆ పేరు తెలిసి ఉండటం నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను. ప్రపంచం మొత్తమ్మీద ఆ పక్షి ఈ మధ్యకాలంలో ఖాయంగా కనబడిన చోటు ఈ చుట్టుపక్కలే. ఇక్కడి వాళ్ళే ఆ పేరు మరిచిపోతే ఇంక వెతకడానికి మిగిలేదేముంది?

పక్షి సంగతి ముందే చెప్పేస్తాను. జానెడుకు కాస్త ఎక్కువ, దాదాపు 27 సెంటీమీటర్ల పిట్ట. పేరులో కోడి ఉంది గానీ కోడి జాతి కాదు. పొడుగు కాళ్ళ మీద నేల వెంట ఉరికే రకం. రొమ్మున అడ్డంగా రెండు పట్టీలు, గొంతు కింద ఇటుకరంగు మచ్చ, కంటి మీద వెడల్పాటి మీగడరంగు గీత, పెద్ద కళ్ళు. పగలంతా పొద మాటున ఉండి రాత్రి తిరుగుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ దీన్ని లోకానికి చూపించాడు. ఎడ్వర్డ్ బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త 1848లో శాస్త్రీయంగా వర్ణించాడు. అందుకే ఇంగ్లీషువాళ్ళకు అది జెర్డన్స్ కోర్సర్. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనబడింది, అంతే. ఆ తరవాత ఎనభై ఆరేళ్ళపాటు ఎవరి కంటా పడలేదు. పోయిందనే అనుకున్నారు.

సిద్ధవటం దాటాక ఎడమా కుడీ అడవి మొదలైంది. అడవి అంటే ఆకాశాన్నంటే చెట్లు కావు. ఎర్రనేల, గులకరాళ్ళు, మనిషెత్తు ముళ్ళపొదలు, మధ్యమధ్య బోడి నేల. రేగు, తుమ్మ, బలుసు, కలివి. వేసవిలో నల్లటి పండ్లు కాసే ఆ కలివి పొదల మాటున ఉంటుంది కాబట్టే దానికాపేరు. ఊరి పేరు చెప్పి దిగాం. ఆ పేరు ఇక్కడ రాయను. పక్షి ఉంటే దాని క్షేమం కోసం, లేకపోయినా ఆ ఊరి వాళ్ళ ప్రశాంతత కోసం.

మాకు బస ఇచ్చిన రైతు నిమ్మతోట చివర, లంకమల అభయారణ్యం హద్దుకు బయట, కొంత బీడు వదిలేసి ఉంది. సాయంత్రం అక్కడికే పోయాం. పొద్దు గుంకింది 6.17కి. ఈ పిట్ట కూత పొద్దుగుంకిన ముప్పావు గంట తరవాత మొదలై, కాసేపట్లోనే ఆగిపోతుందని పరిశోధకులు రాసిపెట్టారు. అంటే ఏడు దాటిన కొద్దిసేపే మనకున్న అవకాశం. ఆ కొద్దిసేపు ఊళ్ళో ఒక ట్రాక్టరు పాట పెట్టుకుని తిరిగినా ఆ రోజు పోయినట్టే.

ఆరున్నరకు కౌజులు అరుపులాపాయి. ఆరూ నలభైకి నైట్‌జార్ అనే రాత్రిపిట్ట మొదలెట్టింది. గచ్చు మీద గోళీ వదిలితే ఎగిరెగిరి, దగ్గర దగ్గరగా కొట్టుకుని ఆగుతుంది చూడండి, అచ్చం అలాంటి చప్పుడు. ఏడుకు తీతువు. ఏడూ పన్నెండుకు దూరంగా స్టోన్ కర్లూ అనే నేలపిట్ట ఈలలు. ఏడున్నర దాకా మెడ కూడా తిప్పకుండా నిలబడ్డాం. కలివికోడి కూత వినపడలేదు. రికార్డరును రైతు అనుమతితో ఆరుకు ముందే గట్టు మీది వేపకు కట్టి ఉంచాం, దాన్ని అక్కడే వదిలి వచ్చేశాం. నాలుగు రాత్రులు, సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఆరు దాకా అది వింటూ ఉంటుంది.

కూతను ఫోనులో పెట్టి పిలిస్తే బదులిస్తుందేమో కదా అని రైతు కొడుకు అడిగాడు. ఇస్తుందేమో. కానీ ఆ కూత విన్న పిట్ట, తన తావులోకి ఇంకోటి వచ్చిందనుకుని మేత మానేసి వెతుక్కుంటూ తిరుగుతుంది. లెక్కకు పదులో వందో మిగిలాయనుకునే జాతిని అలా వేధించే హక్కు మాకు లేదు. అనుమతి ఉన్న పరిశోధకులు, పద్ధతి ప్రకారం చేసే పని అది. మేము వినడానికే వచ్చాం.

ఫిబ్రవరి 10, శుక్రవారం

తెల్లవారుజామునే లేచి బీడులో ఎనిమిది చోట్ల మట్టి పట్టీలు పరిచాం. పొదల మధ్య పిట్టలు నడవగల సందు చూసుకోవాలి. రాళ్ళేరి, మన్ను జల్లించి, పలచగా పరిచి, బ్రష్షుతో సాపు చెయ్యాలి. కలివికోడి మీద పనిచేసిన పరిశోధకులు ఏళ్ళ తరబడి ఇదే పద్ధతిలో వెతికారు. రాత్రిపూట మనిషిని చూస్తే నక్కే పిట్ట కాబట్టి, మనిషి లేనప్పుడు దాని అడుగే సాక్ష్యం చెప్పాలి.

మేము వంగి మన్ను దువ్వుతుంటే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. కర్ర మీద గడ్డం ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"ఏం జేస్తాండారు నాయనా?"

చెప్పాను. నా దగ్గరున్న బొమ్మ చూపించాను. చేతిలోకి తీసుకుని ఎండకు అడ్డంగా తిప్పి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఇదా! దీన్ని జూసినా. శానాసార్లు జూసినా."

నా గుండె చప్పుడు నాకే వినిపించింది. "ఎప్పుడు పెద్దయ్యా?"

"మా పెద్దపాప పెండ్లి గాకముందు. రాత్రిళ్ళు కౌజులకు పోతాంటిమి అప్పుడు. లైటేస్తే కంప కింద నిలబడుకోని ఉంటాండె. ఎగరదు నాయనా. ఉరుకుతాది. కొంచెం దూరం ఉరికి నిలబడతాది. మళ్ళా ఉరుకుతాది. కండ్లు ఇంతింత."

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు. ఉరికి, నిలబడి, మళ్ళీ ఉరకడం. బొమ్మలో లేని సంగతి అది. చూసినవాడే చెప్పగలడు. ఆ పెద్ద కూతురి కొడుకు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడట. వేళ్ళు మడిచి లెక్కేస్తే పాతికేళ్ళు దాటింది.

"తర్వాత?"

"తర్వాత నేను పోలేదు గదా రాత్రిళ్ళు. పిట్టలు పట్టేది మానేస్తిమి. ఉండాదో లేదో నాకెట్ల తెలుస్తాది?"

1986లో ఈ పక్షి మళ్ళీ దొరికింది కూడా ఇలాంటి మనిషి వల్లే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఈ ప్రాంతపు పల్లెల్లో బొమ్మలు చూపిస్తూ అడుగుతూ తిరిగారు. రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు ఆ జనవరిలో ఒక రాత్రి టార్చి వెలుగులో పిట్టను పట్టి చూపించాడు. లోకమంతా పోయిందనుకున్నది ఆయన చేతిలో బతికి ఉంది. ఆ పిట్ట కొద్దిరోజులకే చనిపోయిందన్నది వేరే దుఃఖం. పేరు మాత్రం ఐతన్న చేతి మీదుగానే తిరిగి వచ్చింది. పుస్తకాలు లేదన్న ఎనభై ఆరేళ్ళూ ఇక్కడ కౌజులకు పోయిన మనుషులకు అది ఉందని తెలుసు. వాళ్ళని అడిగినవాళ్ళే లేరు. ఇప్పుడు అడుగుదామంటే ఆ రాత్రులు తిరిగిన తరం ముసలిదైపోయింది. వేట మానడం మంచిదే, నేనేమీ దాన్ని తిరిగి కోరుకోవడం లేదు. కానీ వేటతోపాటు రాత్రి అడవిని చెవులతో చదివే చదువు కూడా పోయింది. దాని బదులు ఇంకో చదువు ఇంకా పూర్తిగా రాలేదు.

సాయంత్రం పెద్దాయన మాతో వచ్చి కూర్చున్నాడు. ఏడూ పదికి ఏదో రెండు ముక్కలుగా పలికినట్టయింది. నా స్నేహితుడు చెయ్యి పట్టుకున్నాడు. కలివికోడి కూత కూడా జంటముక్కలే. 'ట్విక్‌టూ, ట్విక్‌టూ' అంటూ సెకనుకొకటి చొప్పున, రెండు మొదలు పదహారుసార్ల దాకా. మళ్ళీ వచ్చింది.

"పైడికంటె" అన్నాడు పెద్దాయన మెల్లగా. చిన్న గుడ్లగూబ. తరవాతి అరుపుకు మాకూ తెలిసింది.

గదికి వచ్చి నోటుపుస్తకంలో తేదీ, వేళ, గాలి, విన్న పక్షులు రాసుకున్నాను. కలివికోడి గడిలో 'లేదు' అని రాసి, కాసేపు చూసి, కొట్టేసి 'వినపడలేదు' అని దిద్దాను.

ఫిబ్రవరి 11, శనివారం

పొద్దున ఆరున్నరకు పట్టీల దగ్గరికి. మొదటి రెండూ ఖాళీ. మూడో దాని మీద చీమల బారు, నాలుగో దాన్ని మేక తొక్కేసింది. అయిదోది తీగలా సాగిన పాము జాడ. ఆరో పట్టీ ఒక రేగుపొదకూ కలివి పొదకూ మధ్యనుంది. దాని మీద మూడు వేళ్ళ అడుగులు నాలుగు, వరసగా.

మోకాళ్ళ మీద కూర్చున్నాం. పక్కవెలుగు పడుతోంది కాబట్టి ప్రతి గీతా లోతుగా కనిపిస్తోంది. మూడు వేళ్ళూ ముందుకే. వెనక వేలు లేదు. మధ్యవేలు చివర గోరు దిగినచోట ఆవగింజంత గుంట. అరికాలు మెత్తగా ఆనినచోట మన్ను అద్దినట్టు నునుపుగా ఉంది. రెండో అడుగు పక్కన ఒక గడ్డిపరక ఒరిగి, దాని నీడ అడుగు మీద పడుతోంది. కలివికోడి లాంటి కోర్సర్లకు వెనకవేలుండదు. కానీ పసుపు తిత్తి తీతువుకూ ఉండదు, స్టోన్ కర్లూకూ ఉండదు. ఇక్కడ ఆ మూడూ తిరిగే నేలే. కొలత ఒక్కటే దారి.

కొలబద్ద ఆనించి ఫొటోలు తీశాం. ఒక్కో వేలూ కొలిచాం, వేళ్ళ మధ్య ఎడం కొలిచాం. నాలుగు అడుగులు, ఒక్కోదానికి మూడేసిసార్లు. పరిశోధకులు ప్రచురించిన కొలతల పక్కన పెట్టి చూస్తే మావి పెద్దవి. ఎక్కువ తేడాతో పెద్దవి. అది స్టోన్ కర్లూ. ఒప్పుకోవడానికి నాకు పావుగంట పట్టింది. స్నేహితుడు మాత్రం మొదటి కొలతకే చెప్పేశాడు.

పది గంటలకు అభయారణ్యంలోకి పోయాం. పగటిపూట ఈ ఒక్కరోజుకు అటవీశాఖ అనుమతి ఇచ్చింది, వెంట ఒక వాచరును పంపింది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం కలివికోడి దొరికిన రెండేళ్ళకు, 1988లో, దాని కోసమే ఏర్పడింది. వైశాల్యం 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడు తపాలాశాఖ ఈ పిట్ట బొమ్మతో స్టాంపు వేసింది. చిన్నప్పుడు నా ఆల్బంలో ఆ స్టాంపుండేది. ఈ ప్రయాణం ఎప్పుడో అక్కడే మొదలైంది.

వాచరు ఈ అడవిలో పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ఆయనకు ప్రధానంగా కాపలా ఎర్రచందనం. రాత్రి అడవిలో టార్చి వెలుగు కనిపిస్తే ఇక్కడ ఎవరికైనా మొదట తట్టేది దుంగల దొంగలే. అందుకే మేమూ సాయంత్రాలు ఎక్కడ నిలబడతామో ముందే చెప్పి వచ్చాం. వచ్చే శనివారం శివరాత్రి. కోనలో దేవుడి దగ్గరికి వచ్చే జనం గురించి ఆయనకు ఇప్పటినుంచే కంగారు.

నడుస్తూ నడుస్తూ ఆయనొక మాటన్నాడు. "సార్, కొండ మీదికి పోతే అడవి చిక్కన. అక్కడ ఈ పిట్ట ఉండదు. కింద ఊళ్ళ పక్క కంప పలచన. ఉంటే ఆడనే ఉండాల."

పరిశోధన చెప్పింది కూడా ఇదే. హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా, చిన్నవి వెయ్యికి లోపు ఉన్నచోట దాని జాడలు ఎక్కువ దొరికాయి. మరీ చిక్కబడితే ఉరకడానికి సందుండదు. మరీ బోడిగా ఉంటే దాక్కోవడానికి మాటుండదు. ఈ మధ్యస్థపు అడవిని చాలాకాలంగా నిలబెట్టింది ఎవరు? మేకలు, వంటచెరకు కొట్టుకునేవాళ్ళు. ఇది వినగానే నాకు నిన్నటి పెద్దాయన మంద గుర్తొచ్చింది. మేకల్ని పూర్తిగా తరిమేస్తే కంప మూసుకుపోతుంది, ఎక్కువైతే నేల బోడైపోతుంది. మన ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి నేలను బంజరంటాం. పెద్ద చెట్లు లేవు కాబట్టి అడవి కాదంటాం, పంట లేదు కాబట్టి పొలం కాదంటాం. దున్నేసినా ఎవరికీ బాధ అనిపించదు. 1991కీ 2000కీ మధ్య ఈ ప్రాంతపు ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూస్తే, పొదల అడవి 11 నుంచి 15 శాతం తగ్గింది, సాగునేల రెట్టింపు దాటింది. కలివికోడి పోయిందంటే తుపాకీ వల్ల కాదు, ఇలా చదునైన మళ్ళ వల్లే పోయి ఉంటుంది. ఆ మళ్ళు దున్నినవాళ్ళు పేదవాళ్ళన్నది కూడా నిజం. మాకు సంగటి పెట్టిన ఇంటివాళ్ళ నిమ్మతోట ఒకప్పుడు కలివి పొదలే. వాళ్ళ మీద నాకు కోపం రాదు. ఆ బీడు చెక్కను వాళ్ళింకా దున్నకుండా ఉంచినందుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఒక కలివి పొద కింద చెదపుట్ట పగిలి ఉంది. చెదలు, చీమలు ఈ పిట్ట మేత. గూడు ఎలా కడుతుందో, నేల మీద ఎక్కడ గుడ్లు పెడుతుందో ఎవరూ రాసిపెట్టలేదు. దానిదని తేలిన గుడ్డు ఒకటే. కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించినది. అది స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో ఉండిపోయి, 2013లో బయటపడింది. డీఎన్‌ఏ పరీక్షతో ఇదేనని తేల్చారు. ఈ ఎర్రమట్టి మీద పెట్టాల్సిన గుడ్డు అంత దూరాన పెట్టెలో ఉంది. పొద కింద వంగి ఆ మట్టిని కాసేపు చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం వినికిడి: నైట్‌జార్, తీతువు, నక్కలు.

ఫిబ్రవరి 12, ఆదివారం

పొద్దునంతా గాలి. పట్టీల మీద మన్ను కొట్టుకుపోయింది. మళ్ళీ పరవలేదు.

మధ్యాహ్నం తెలుగుగంగ కాలువ చూడ్డానికి పోయాం. 2005లో ఈ కాలువ కోసం యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకే వచ్చాయి. అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు చూసి గోల చెయ్యకపోతే ఆ నేల అప్పుడే పోయేది. విషయం సుప్రీంకోర్టు సాధికార కమిటీ దాకా వెళ్ళింది. చివరికి ప్రభుత్వం కాలువ దారి మార్చింది, పక్షి కోసం భూమి కూడా సేకరించింది. ఒక పిట్ట కోసం ఇంత పెద్ద నీటి కాలువ పక్కకు జరగడం మన రాష్ట్రంలో జరిగిన సంగతి. ఇది బడిపిల్లలకు చెప్పాలి. కానీ ఆ తరవాత కొన్నేళ్ళకే పిట్ట కనబడటం మానేసింది. కాలువ గట్టు మీద నిలబడి అది తలుచుకుంటే మాట రాలేదు.

రాత్రి ఏడూ అయిదుకు గాలి పడిపోయింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఎంత దూరంలో ఏ పిట్ట అరిచినా వినిపించేటంత నిశ్శబ్దం. పెద్దాయన, నేను, స్నేహితుడు, రైతు కొడుకు, నలుగురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆ ఇరవై అయిదు నిమిషాలకు మించిన వినికిడి నా జీవితంలో లేదు. నైట్‌జార్ ఒక్కటే పలికింది.

బయల్దేరుతూ పెద్దాయన అన్నాడు. "వానలు పడినాక రాండి. చెదలు లేస్తాయి గదా, అప్పుడు మేతకు బయటికొస్తాది."

'వస్తాది' అన్నాడు. పాతికేళ్ళుగా చూడనిదాని గురించి, పక్కూరికి పోయిన మనిషి గురించి చెప్పినట్టు.

ఫిబ్రవరి 13, సోమవారం

రికార్డరు విప్పుకున్నాం. రైతు కొడుక్కి కూత వినిపించి, ఆ జంటముక్కలు బాగా గుర్తుపట్టేదాకా పైడికంటెతోనూ తీతువుతోనూ పోల్చి చూపించాం. సాయంత్రాలు నీళ్ళు కట్టడానికి తోటకు పోతాడు. ఎలాగూ ఏడుకు అక్కడే ఉంటాడు. ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చాను. తేదీ, వేళ, విన్నది. అంతే రాయమన్నాను. మొదటి పేజీలో తన పేరు రాసుకుని, కింద 'కలివికోడి' అని రాసి గీత గీశాడు. పెద్దాయన మేకలతో బీడు దాటుతూ దూరం నుంచే చెయ్యెత్తాడు. పదిన్నర బస్సుకు బయల్దేరాం.

ఇంటికొచ్చాక

నాలుగు రాత్రులకు 48 గంటల శబ్దం ఉంది. శబ్దాన్ని బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేరులో పెట్టి, చూస్తూ వింటున్నాను. ముందు ప్రతి రాత్రీ ఏడు గంటల ప్రాంతం విన్నాను, తరవాత మొదటి రాత్రి మిగతాది. స్టోన్ కర్లూ ఈలలు తెర మీద కొండల్లా లేచి పడతాయి. నైట్‌జార్ చుక్కలు చుక్కలుగా వస్తుంది. రెండో రాత్రి తొమ్మిదింటికి నక్కలు తెరంతా నింపేశాయి. నాకు కావాల్సినవి సెకనుకొకటి చొప్పున, జంటజంటగా నిలబడే చిన్న గీతలు. 17 గంటలు అయ్యాయి, ఇంకా కనిపించలేదు.

31 గంటలు మిగిలాయి. రోజుకు ఒక గంట, రాత్రి అందరూ పడుకున్నాక. నిన్న రెండో రాత్రి రికార్డింగులో తొమ్మిది దాటాక ఆపాను.